గోడవతలి పూలు

మా మామగారు రంగరాజుగారికి లోకంలో పగవాడంటూ ఎవరూ లేరు, ఒక్క ముక్కుపుడక చెట్టు తప్ప. చెట్టంటే చెట్టు కాదు, జానెడు మొక్క. సన్నటి కాడ, కాడ చివర మిరియపు గింజంత ఊదారంగు పువ్వు. దాన్ని సహదేవి అంటారని చిత్తూరులో బడిపంతులుగా ఉన్న మా నాయన చెప్పేవాడు. మా అత్తగారి ఊళ్లో మాత్రం అది ముక్కుపుడక చెట్టే. దాన్ని నాటేవాళ్లు లేరు, నీళ్లు పోసేవాళ్లు అసలే లేరు. వద్దన్న చోటల్లా లేస్తుంది.

పొద్దు వాలేసరికి మామగారు దోకుడుపార పట్టుకుని స్వామి తోటలో పాదుల మధ్య గొంతుకూర్చునేవారు. ఒక్కో మొక్కను వేరుతో సహా పెళ్లగించి, పైకెత్తి చూసి, దానికి నాలుగు చీవాట్లు పెట్టి, వెనక గోడ మీదుగా గుట్ట వైపు విసిరేసేవారు. వాళ్ల నాయన కూడా అక్కడే కూర్చుని అటే విసిరేవాడట. మర్నాడు చూస్తే పెళ్లగించిన చోటే మళ్లీ రెండాకులు. వేరు తెగితే అది చచ్చినట్టు కాదనీ, అలిగినట్టనీ ఆయనే నాతో అనేవారు. ఒక కలుపుమొక్కతో అంత పట్టుదలేమిటా అని నేను లోపల్లోపల నవ్వుకునేదాన్ని.

పూతలపట్టులో బస్సు దిగి కొండవైపు నడిస్తే మా ఊరు. ఊరి చివర వరదరాజస్వామి కోవెల, కోవెల వెనక తోట, తోటలోనే మా ఇల్లు. స్వామికి రోజూ తెల్లవారి వేసే దండ మా అత్తగారింటివాళ్లది. నేను ఆ ఇంట్లో కోడలిగా అడుగుపెట్టింది ఎనభైరెండులో. కరువూ నేనూ కలిసే వచ్చాం. ఊళ్లో ఒకరిద్దరు ఆ మాట నా మొహం మీదే అన్నారు. బావి నీళ్లు నేను గాని తాగేశానా అని నేనూ ఊరుకోలేదు.

ఆ ఇంటి కట్టుబాట్లు నాకు వింతగా ఉండేవి. స్వామికి కొన్న పూలు పెట్టరు. వచ్చిన కొత్తలో నేను చిత్తూరు నుంచి మూర మల్లెపూలు ఆశగా తెచ్చి మామగారి చేతికిస్తే, ఆయన చాలా మర్యాదగా తీసుకెళ్లి మా అత్తగారు వరదమ్మ జడలో పెట్టారు. డబ్బిచ్చి తెచ్చిన పువ్వు మనిషిదీ, చేత్తో పెంచిన పువ్వు దేవుడిదీ అని ఆయన లెక్క. దండ కట్టే మనిషి కూడా ఆ తోటకు ఒక ఏడాది పొడుగునా నీళ్లు పోసిన మనిషే కావాలి. మా అత్తగారు పెళ్లైన ఏడాదంతా కడవలు మోసి, ఆ తర్వాతే దండ ముట్టుకుందట. నాకు ఆ భాగ్యమూ లేదు. నేను వచ్చేనాటికే బావి అడుగున బురద కనిపిస్తోంది. అందుకని నా పని అరటినార చీల్చి, తడిపి, వరసగా పెట్టడం. అక్కడితో సరి. నా వేళ్లు సన్నగా, చురుగ్గా ఉంటాయని పుట్టింట్లో పేరు. నారలు చీలుస్తూ ఆ వేళ్లను చూసుకుని ఉక్రోషపడేదాన్ని.

అన్నిటికంటే పెద్ద కట్టుబాటు ఇంకొకటుంది. ఏ తెల్లవారైనా దండ లేకుండా కోవెలకు పోవలసివస్తే, ఖాళీ పూలసజ్జను గడపమెట్టు మీద దించి వచ్చేయాలి. దించిన సజ్జను ఆ ఇంటివాళ్లు మళ్లీ ఎత్తకూడదు. మామగారి తాత దించలేదు, తండ్రి దించలేదు. ఆ సజ్జ వెదురుతో అల్లింది, పిడి పట్టుకుని పట్టుకుని నున్నగా అయిపోయింది. ఇంట్లో దేవుడి పటాలున్నా మామగారు పొద్దున లేచి మొదట చూసేది దాన్నే.

ఎనభైమూడు వేసవికి తోట ఒక్కో పక్క నుంచి పోవడం మొదలైంది. ముందు రోజా పోయింది, తర్వాత జాజి, ఆ తర్వాత కనకాంబరం. గన్నేరు శివుడిదని మావాళ్లు మొదటినుంచీ నాటలేదు. ఇక మిగిలింది తులసి. పూలు లేకున్నా తులసిదండ స్వామికి చాలునని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఆ తులసిపాదు కోసం ఇంట్లో నీళ్లు చెంబుల లెక్కన వాడడం మొదలైంది. అంట్లు తోమిన నీళ్లు, స్నానం చేసిన నీళ్లు పాదుకు పనికిరావు, మంచినీళ్లే పోయాలి. ఆ మంచినీళ్లు అత్తగారు ఊరి అవతలి బోరింగు నుంచి మోసేది. నేను మోస్తానంటే, దండ కట్టడానికి నా ఏడాది లెక్క బావి నీళ్లతోనే మొదలుపెట్టాలి గాని బోరింగు నీళ్లతో కాదని మామగారు ఒప్పుకోలేదు. ఆయన భోజనం దగ్గర సగం గ్లాసు తాగి మిగతా సగం చేత్తో పట్టుకుని తోటలోకి పోవడం నేను చాలాసార్లు చూశాను. మా ఆయన సంపత్కుమార్ చిత్తూరు కోర్టులో గుమాస్తా, ఆదివారాలు వచ్చి పోయేవాడు. ఒకసారి తండ్రిని కూర్చోబెట్టి, కాలాన్నిబట్టి పోవాలి కదా నాయనా అన్నాడు. ఆయన విననట్టే లేచిపోయారు.

మా కోవెల ధర్మకర్త పరంధామయ్యగారు మామిడితోటల ఆసామి, మంచివాడు. ఒక సాయంత్రం ఆయనే వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. తన తోటలో కూడా పిందెలన్నీ రాలిపోతున్నాయని కాసేపు చెప్పి, నెమ్మదిగా అసలు మాటకు వచ్చాడు. తిరుపతి నుంచి రోజూ రాత్రి బస్సులో ఒక పూలబుట్ట వేయిస్తాననీ, రంగరాజుగారు దాన్ని అందుకుని దండ కట్టిస్తే చాలుననీ అన్నాడు.

“ఎవురూ నిన్ను తప్పు పట్టరప్పా. కరువు నువ్వు తెచ్చినావా?”

మామగారు తోటవైపు చెయ్యి చూపించారు.

“తులసి ఉండాది ఇంకా. అది అయిపోయిన పొద్దు సజ్జ మెట్టుమీద దించేస్తాను. ఆ పైన నీ బుట్ట నువ్వు తెప్పించుకో పరంధామయ్యా. నాకేం కోపం లేదు.”

 పరంధామయ్యగారు కండువా దులుపుకుని వెళ్లిపోయాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం మామిడి జల్లు పడింది. ఉన్నట్టుండి గాలి, దుమ్ము, ఉరుము, ఒక గంటసేపు దబదబా వాన. ఊరంతా పిచ్చెక్కినట్టు బయటికొచ్చింది. అత్తగారు ఇంట్లో ఉన్న గిన్నెలన్నీ చూరు కింద పెట్టింది. మామగారు మాత్రం తోట మధ్య నిలబడి తడుస్తూ ఒక్కో పాదునూ చూశారు. రోజా కొమ్మ విరిస్తే పుటుక్కున విరిగింది, లోపల పచ్చదనం లేదు. చచ్చినవాటికి వాన పడి ఏం లాభం. మర్నాటి నుంచి మళ్లీ అదే ఎండ. తులసి నాలుగాకులు వేసినట్టే వేసి, ఆ ఎండకు మాడడం మొదలుపెట్టింది.

దండ రోజురోజుకీ సన్నబడుతూ వచ్చింది. ఒక ఉదయం కోవెల నుంచి తిరిగొచ్చిన మామగారు సజ్జను పెరట్లో కూర్చుని కడగడం మొదలుపెట్టారు. ఇసుక వేసి, పీచుతో, వెదురు సందుసందునా రుద్దుతున్నారు. పాదులో ఇంకేం మిగల్లేదని ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. అత్తగారు వంటింట్లో గోడకు ఆనుకుని నిలబడిపోయింది. ఆమె కళ్లల్లో నీళ్లు చూడడం నాకు అదే మొదటిసారి.

నాకక్కడ ఉండబుద్ధి కాలేదు. పొయ్యిలోకి చిదుగులు లేవన్న సాకు పెట్టుకుని గోడ చుట్టూ తిరిగి గుట్టవైపు పోయాను. పాములుంటాయని మా ఇంట్లో ఎవరూ అటు పోరు. ఆ రోజు నాకు పాముల ధ్యాస కూడా లేదు.

గోడ మలుపు తిరిగి ఆగిపోయాను.

నేలంతా ఊదారంగు. ముందు నాకు అర్థం కాలేదు. ఎవరో చీర ఆరేశారేమో అనుకున్నాను, ఇంత పెద్ద చీర ఎవరికుంటుంది అని కూడా అనుకున్నాను, అంత మతిపోయింది. దగ్గరికి పోయి వంగి చూస్తే ముక్కుపుడక పూలు. ఒకటి కాదు, పది కాదు, కాడకాడకూ గుత్తులు. ఆ రాళ్లల్లో, ఆ ఎండలో, మనిషి కాలు మోపలేని వేడిలో ఒక్కటి కూడా తల వాల్చలేదు. తేనెటీగలు ఆ ఊరు వదిలిపోయాయనుకున్నాం, అన్నీ ఇక్కడే ఉన్నాయి. ఒక్క గంట వాన కోసం ఆ వేర్లు అన్నాళ్లూ మట్టిలో ఊపిరి బిగబట్టుకుని ఉన్నాయి కాబోలు.  కోవెల్లో కూడా నాకు అంత భయభక్తులు ఎప్పుడూ కలగలేదు, నిజం చెబుతున్నాను.

అప్పుడు చూశాను ఇంకొక సంగతి. ఆ పూలు గుట్టంతా లేవు. మా గోడ పొడుగునా, లోపలి నుంచి ఒక మనిషి చెయ్యెత్తి విసిరితే ఎంతదూరం పడుతుందో అంతమేరకే ఉన్నాయి. ఆ మేర దాటితే ఎండుగడ్డీ రాళ్లే.

పరిగెత్తి వెళ్లి అత్తగారిని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆమె చూసింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అలాగే పూల మధ్య కూలబడి, ఒక పువ్వును వేలితో ముట్టి, నవ్విందో ఏడ్చిందో తెలియకుండా అంది:

“సూడు మీ మామ సేద్యం.”

ఆమే వెళ్లి ఆయన్ని పిలుచుకొచ్చింది. మామగారు తడిచేతులతో వచ్చి నిలబడ్డారు. కళ్లు గోడ మీదికి పోయాయి, గోడ నుంచి పూల మీదికి, మళ్లీ గోడ మీదికి. తాను ఎక్కడెక్కడ కూర్చుని విసిరారో చూసుకుంటున్నట్టుంది. తండ్రి కూర్చునే మూల దగ్గర పూలు ఇంకా ఒత్తుగా ఉన్నాయి. ఆయన అటే చూస్తూ ఉండిపోయారు. చివరికి, ఇవి తోట పూలు కావనీ, తాను పెంచినవి కావనీ చిన్నగా అన్నారు.

అత్తగారు ఆయనకు ఎదురు చెప్పడం నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు చెప్పింది.

“తోటలో పుట్టినవే గదా. నువ్వే గదా పీకినావు, నువ్వే గదా ఈడ యేసినావు. నీ సెయ్యి పడని మొక్క ఒక్కటి సూపించు ఈడ.”

మామగారు వంగి ఒక కాడ తుంచారు. పీకడానికి కాకుండా ఆ మొక్క మీద ఆయన చెయ్యి వేయడం బహుశా అదే మొదలు.

అరుగు మీద తడిగుడ్డ పరిచి పూలు పోశాం. మామగారు ముక్కుకు గుడ్డ కట్టుకున్నారు. స్వామికి పోయే పువ్వు వాసన ముందుగా మనిషి చూడకూడదు కదా. నార తీసి మొదలుపెట్టారు. ఆ వేళ్లు పార పట్టి పట్టి మొద్దుబారిన వేళ్లు. రోజాలూ తులసికొమ్మలూ కట్టిన వేళ్లకు మిరియపు గింజంత పువ్వు అందలేదు. ముడి వేయబోతే కాడ తెగింది, ఇంకొకటి జారిపోయింది. అత్తగారికి చూపు ఆనలేదు. పొద్దు పడమటికి దిగుతోంది. నేను నా చోట నేను కూర్చుని నారలు చీలుస్తున్నాను, నోరు మాత్రం గట్టిగా మూసుకున్నాను.

మామగారు ఆగి నావైపు చూశారు. ముక్కు మీది గుడ్డ విప్పారు.

“ఈ పూలకు నేను నీళ్లు పొయ్యలేదు. తోటకు నువ్వూ నీళ్లు పొయ్యలేదు. దీనికి నీళ్లు పోసినవాడే సూసుకుంటాడు లే. కట్టు పంకజా.”

గుడ్డ నా చేతికిచ్చారు. నేను కట్టుకున్నాను. నా కళ్లల్లోంచి కారిన నీళ్లన్నీ ఆ గుడ్డే పీల్చుకుంది, అదీ మంచిదే అయింది. నాలుగేసి కాడలు కలిపి ఒక గుత్తి, గుత్తికి ఒక ముడి. నా వేళ్లు ఎందుకున్నాయో నాకు ఆ సాయంత్రం తెలిసింది. దీపాలు పెట్టే వేళకు స్వామి భుజాల నుంచి మోకాళ్ల దాకా సరిపోయే దండ తయారైంది.

తెల్లవారి మేము కోవెలకు పోయేసరికి మెట్టు దగ్గర పరంధామయ్యగారు నిలబడి ఉన్నాడు. పక్కన అరటాకు కప్పిన బుట్ట, లోపల తిరుపతి చామంతులు. మామగారు సజ్జ దించుతారని ఆయనకు తెలిసిపోయినట్టుంది. ఆయన కళ్లు కూడా ఎర్రగానే ఉన్నాయి. మామగారు సజ్జతో ఆయన్ని దాటుకుని మెట్టెక్కి, గడప దాటి లోపలికి పోయారు. పరంధామయ్యగారు సజ్జలోకి తొంగిచూసి, తన బుట్టను అత్తగారి చేతుల్లో పెట్టాడు. ఊళ్లో ఆడవాళ్లందరికీ ఆ రోజు తల్లో చామంతులే.

అర్చకులు వేంకటాచలపతిగారు దండను రెండు చేతులతో ఎత్తి చూసి ఏ పువ్వని అడిగారు.

“మా తోటది సామీ,” అన్నారు మామగారు. 

నల్లటి రాతి స్వామి మీద ఆ ఊదారంగు. మేం పెద్ద పెద్ద రోజాలు వేసిన రోజుల్లో పూలు కనిపించేవి, స్వామి కనిపించేవాడు కాదు. ఆ రోజు దీపం వెలుగులో స్వామి భుజాలు, ఛాతీ, అంతా తెలిశాయి. మామగారు చేతులు జోడించడం మరిచిపోయి చూస్తూ నిలబడ్డారు.

అసలు వింత మర్నాడు జరిగింది. నేను కట్టిన రెండో దండ సజ్జలో పెట్టుకుని మామగారూ నేనూ పోయాం. అర్చకులు తాళం తీసి, గర్భగుడి తలుపులు రెండూ ఒక్కసారిగా లోపలికి తోశారు. తలుపుల గాలి లోపలికి పోయింది. అఖండదీపం ఊగింది. స్వామి మీది నుంచి తెల్లగా ఏదో లేచింది.

పువ్వు తుంచినా పని ఆపలేదు అది. కట్టిన దండలోనే, ఆ మూసిన గదిలోనే, ఆ వేడికి ముదిరి విత్తనం పట్టింది. ఒక్కో గింజకూ ఒక తెల్లటి కుచ్చు. వందలు, వేలు, స్వామి ఛాతీ మీది నుంచి విడివడి లేస్తున్నాయి. దీపం వెలుగు తగిలి ఒక్కొక్కటీ మెరుస్తోంది. కిరీటం దాకా లేచి, పైకప్పు రాయి దాకా లేచి, అక్కడ తిరిగి, మెల్లగా మావైపు వస్తున్నాయి.  అర్చకుల శిఖ మీద వాలాయి. మామగారి తిరునామం మీద ఒకటి వాలింది. నేను ఊపిరి వదిలితే చెదిరిపోతాయేమోనని ఊపిరి కూడా ఆపుకున్నాను. స్వామి మెడలో ఉత్త అరటినార, దానికి నా ముడులు, అంతే మిగిలాయి.

ముందుగా తేరుకున్నది మామగారే.  స్వామి మీద వెంట్రుకల్లాంటివి పడ్డాయే, అపచారం చేశానే అని లెంపలు వేసుకోబోయారు. అర్చకులు ఆయన చెయ్యి పట్టి ఆపారు.

“నిన్నటి దండ తెల్లారి తీసేది నా పని గదా రంగరాజా. ముప్పై ఏండ్లుగా నేనే తీస్తా ఉండాను. ఈ పొద్దు ఆయనే తీసి ఇచ్చినాడు.”

ఆ మాటతో మామగారు గడప దగ్గరే కూర్చుండిపోయారు. అంత ఎదిగిన మనిషి వెక్కి వెక్కి ఏడ్చారు. నేను కొత్త కోడలినన్న సంగతి మరిచిపోయి ఆయన పక్కనే కూర్చున్నాను. విత్తనాలు మమ్మల్ని దాటుకుని మండపంలోకి, అక్కణ్ణుంచి ఎండ పడుతున్న ప్రాకారంలోకి పోయాయి.

వానలు వచ్చేదాకా ఆ పూలే స్వామికి దండలయ్యాయి. కోసినకొద్దీ పూశాయి. తలుపులు తీసే వేళకు ఊళ్లోవాళ్లు వచ్చి నిలబడేవాళ్లు, పిల్లల్ని ఎత్తుకుని మరీ. సజ్జ ఒక్కరోజు కూడా మెట్టు మీద దిగలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యంగానైనా బాగా పడ్డాయి. బావి ఊరింది. చిత్తూరు నుంచి మా ఆయన తెచ్చిన రోజా అంట్లు, జాజి తీగలు నాటుకున్నాం. తోట మళ్లీ తోటలా కనపడసాగింది, నీళ్లు మాత్రం ఇంకా అత్తగారే పోసేది. అప్పుడు కోవెల ప్రాకారంలో బండల సందుల్లో ఒకచోట కాదు, అన్నిచోట్లా చిన్న చిన్న ఆకులు లేచాయి. ఉత్సవాలు దగ్గరికొస్తున్నాయి, పిచ్చిమొక్కలు పీకించాలని పరంధామయ్యగారు ఎవరికో పురమాయిస్తుంటే, ఆ పని తాను చేస్తానని మామగారు దోకుడుపార తీసుకుని బయలుదేరారు. నాకు మనసు చివుక్కుమని నేనూ వెంట పోయాను.

ధ్వజస్తంభం పక్కన బండల సందులో ఒక మొక్క బెత్తెడు ఎత్తుకు వచ్చి, అప్పుడే ఒక మొగ్గ వేసింది. మామగారు దాని ముందు గొంతుకూర్చున్నారు. పార అంచు వేరు దగ్గర పెట్టారు. ఎన్నేళ్ల అలవాటో, చెయ్యి దానంతటదే అక్కడికి పోయింది. పెట్టి, అలాగే ఉండిపోయారు. నేను స్తంభం నీడలో నిలబడి చూస్తున్నాను. పార తీసి పక్కన బండ మీద పెట్టారు.

“పంకజా, మన బావి నీళ్లు చెంబుతో తీసుకరా.”

తెచ్చాను. చెంబు ఆయనకు అందించబోతే అందుకోలేదు.

“దానికి నీళ్లెందుకు మామా? అది ఎట్లన్నా బతుకుతాదని నువ్వే గదా సెప్పినావు,” అన్నాను.

“దానికి గాదమ్మా, నీకు,” అన్నారు ఆయన. “దండ కట్టే మనిషివి. నీ ఏడాది ఈ పొద్దు మొదలు. పొయ్యి.”

నేను వంగి పోశాను.